దుమ్ము కూడా దస్తావేజే

యుద్ధ ట్యాంకుకు ఆ పేరు రావడమే ఒక మారువేషం. 1915 చివర బ్రిటన్ రహస్యంగా ఉక్కు శకటాలను తయారు చేయిస్తున్నప్పుడు, సంగతి బయటికి పొక్కకుండా వాటిని నీళ్ల ట్యాంకులుగా పిలవాలని అధికారులు నిర్ణయించారు. ఆ ముసుగు పేరే అసలు పేరైంది. ‘ట్యాంకు’ అనే మాట ఇంగ్లిషులో స్థిరపడటంలో మన పశ్చిమ తీరపు భాషల పాత్ర ఉందని నిఘంటుకారులు చెబుతారు. ట్యాంక్ బండ్ మీద నడిచే హైదరాబాదీకి ట్యాంకంటే చెరువే కనుక ఇది పెద్ద వింతగా తోచదు. 1916 సెప్టెంబరు 15న సోమ్ యుద్ధరంగంలో తొలిసారి కదిలిన ఆ యంత్రాలకు పేరుతోపాటు ఒంటి మీద కూడా మారువేషం ఉంది. సాలమన్ జె. సాలమన్ అనే ప్రసిద్ధ చిత్రకారుడు పరిసరాల్లో కలిసిపోయేలా వాటికి పలు రంగుల మచ్చలు రూపొందించాడు. అయితే ఫ్రాన్స్ బురద ఆ చిత్రకారుడి శ్రమనంతా కప్పేసింది. ఆ తర్వాత వచ్చిన ట్యాంకులకు ఒకే మట్టిరంగు పూసి సరిపెట్టారు.

పుట్టిన రోజు నుంచే ఆ ఇనుము మీద రెండు పూతలు పడుతూ వచ్చాయి. ఒకటి ప్రభుత్వం వేసేది, రెండోది నేల వేసేది. మొదటిది ఉత్తర్వు ప్రకారం పడుతుంది, రెండోది జరిగినదాని ప్రకారం పడుతుంది. మన పట్టణ కూడళ్లలో, సైనిక స్థావరాల ముంగిట దిమ్మెల మీద నిలబెట్టిన ట్యాంకులను చూడండి. నిగనిగలాడే ఆకుపచ్చ రంగు, తెల్లగా దిద్దిన అంకెలు, చుట్టూ సున్నం కొట్టిన రాళ్లు. అది ఏ పొలంలో దిగబడిందో, ఏ ఊరి మీదుగా వెళ్లిందో చెప్పే ఆనవాలు ఒక్కటీ మిగలదు. ఆ రెండో పూతను జీవితకాలపు అధ్యయనంగా పెట్టుకున్నవారు ప్రపంచంలో ఒక చిన్న వర్గం ఉన్నారు. వారు సైనికులూ కారు, చరిత్రకారులూ కారు. అరచేతిలో పట్టే బొమ్మ ట్యాంకులకు రంగులు వేసి, వాటి మీద దుమ్మూ తుప్పూ బురదా దిద్దే అభిరుచి గలవారు. వారి పనికీ దండకారణ్యంలోని జగర్గుండాకూ పైకి ఏ సంబంధమూ కనిపించదు. ఉన్న సంబంధం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బొమ్మ యుద్ధయంత్రాలు ఆటవస్తువులు మాత్రమే కావు, ఒకప్పుడు శిక్షణ సామగ్రి కూడా. 1942లో అమెరికా నౌకాదళం తమ సైనికులకు శత్రు, మిత్ర విమానాలను గుర్తుపట్టడం నేర్పేందుకు 5 లక్షల నమూనాలు చేసిపెట్టమని హైస్కూలు విద్యార్థులను కోరింది. 1:72 నిష్పత్తిలో చెక్కతో చేసిన ఆ నమూనాలకు నలుపు రంగు వేశారు. ఆకాశంలో నీడను చూసి పేరు చెప్పాలి కనుక నలుపు చాలు. యంత్రం ఎక్కడిదో, ఏం చేసి వచ్చిందో ఆ పాఠంలో భాగం కాదు. గురి పెట్టేవాడికి ఆకారం ఒక్కటే కావాలి.

యుద్ధం ముగిశాక ఆ నమూనాలు ఇళ్లలోకి వచ్చాయి. జపాన్‌లోని షిజువోకా నగరంలో కలప వ్యాపారంగా మొదలైన తమియా సంస్థ 1960ల తొలినాళ్లలో జర్మన్ పాంథర్ ట్యాంకు ప్లాస్టిక్ నమూనాను విడుదల చేసింది. లోపల బ్యాటరీలు, మోటారు పట్టాలి కనుక బొమ్మ కొలతను వాటిని బట్టి నిర్ణయించారు. తర్వాత లెక్క కడితే అది అసలు ట్యాంకులో 35వ వంతు. ఇవాళ ప్రపంచమంతా ప్రామాణికంగా భావించే 1:35 నిష్పత్తి వెనుక ఉన్నది ఏ సైనిక శాస్త్రమూ కాదు, రెండు బ్యాటరీల కొలత. అయితే ఆ సంస్థను నడిపిన షున్‌సాకు తమియా బొమ్మ లోపల మోటారుతో తృప్తిపడలేదు. అమెరికాలోని అబర్డీన్ సైనిక మైదానానికి వెళ్లి, అక్కడ ఆరుబయట నిలిపి ఉంచిన ట్యాంకులను మేకు మేకూ ఫొటోలు తీసుకొచ్చాడు. బొమ్మ కచ్చితంగా ఉండాలన్న పట్టుదల అక్కడ వేళ్లూనింది.

ఆకారం కచ్చితమయ్యాక కొత్త ప్రశ్న తలెత్తింది. అసలు ట్యాంకు ఇంత శుభ్రంగా ఉంటుందా? 1970లలో అమెరికాలో షెప్ పెయిన్, ఆ తర్వాత బెల్జియంలో ఫ్రాన్స్వా వెర్లిండెన్, మరింత తర్వాత స్పెయిన్‌లో మిగ్ హిమెనెజ్ వంటివారు ఈ ప్రశ్నకు సమాధానాలు వెతికారు. వారి చేతుల్లో ‘వెదరింగ్’ అనే కళ రూపుదిద్దుకుంది. ఎండా వానా వాడకమూ వస్తువు మీద వేసే ముద్రలను కుంచెతో రాయడమే వెదరింగ్. పలచగా కలిపిన ముదురు గోధుమ నూనెరంగును వదిలితే అది సందుల్లోకి, మేకుల చుట్టూ పారి నీడలు తెస్తుంది. దీన్ని ‘వాష్’ అంటారు. దాదాపు ఆరిపోయిన కుంచెను అంచుల మీద రాస్తే అరిగిన చోట్లు తేలుతాయి. అది ‘డ్రై బ్రషింగ్’. ‘చిప్పింగ్’ అనే పద్ధతి అన్నిటికంటే ఆలోచింపజేస్తుంది. ముందు తుప్పు రంగు వేస్తారు. దాని మీద తలకు వాడే హెయిర్‌స్ప్రే కొడతారు. ఆ పైన అధికారిక రంగు వేస్తారు. కాసేపయ్యాక తడి కుంచెతో మెల్లగా రుద్దితే పైరంగు పెచ్చులుగా లేచి, అడుగున ఉన్నది బయటపడుతుంది. పాత ప్రభుత్వ ఫైళ్లు చదివే పాత్రికేయుడికి ఇది కొత్త పని కాదు.

ఈ కళలో ఒకే ఒక్క నియమం ఉంది. కారణం లేకుండా మరక వేయకూడదు. సిబ్బంది కాలు మోపి ఎక్కే చోట రంగు అరుగుతుంది, ఎవరూ ముట్టుకోని చోట అరగదు. పొగగొట్టం వేడికి రంగు కాలి తుప్పు పడుతుంది. గొలుసుపట్టీలలో నేలను తాకే భాగం వెండిలా మెరుస్తుంది, తాకని భాగం గోధుమరంగులో ఉంటుంది. అమెరికా ఎం-113 శకటం మీద ఎర్రటి తుప్పు దిద్దినవాడిని తోటి కళాకారులు ఇట్టే పట్టుకుంటారు. ఎందుకంటే దాని కవచం అల్యూమినియంతో చేసినది, అది అలా తుప్పు పట్టదు. జర్మన్ ట్యాంకుల మూలరంగు 1943 ఫిబ్రవరిలో ముదురు బూడిద నుంచి ముదురు పసుపుకు మారింది. ఆకుపచ్చ, ఎరుపుగోధుమ రంగులను ముద్దల రూపంలో సిబ్బందికే ఇచ్చి, నీళ్లలోనో పెట్రోలులోనో కలిపి పూసుకోమన్నారు. నీళ్లలో కలిపిన రంగు వానకు తొందరగా వెలిసిపోయేది. అందుకే బొమ్మ మీద ఆ రంగు ఎంత వెలిసి ఉండాలన్నది కూడా వీరికి చర్చనీయాంశమే. ‘ఎప్పుడు, ఎక్కడ, ఎందువల్ల’ అని అడగకుండా ఒక్క చుక్క కూడా వేయరు. మన వార్తాగదుల్లో ఈ క్రమశిక్షణలో సగం ఉన్నా ఎంతో మేలు.

ఇంతటి నిశితదృష్టికి కూడా ఒక గుడ్డిమచ్చ ఉంది. ఈ లోకంలో అత్యంత ఆదరణ పొందినవి నాజీ జర్మనీ ట్యాంకులే. టైగర్ మీది బురద ఏ నెలదో చెప్పగలిగినవాడు, ఆ బురద ఏ ఊరిదని అడగకపోవచ్చు. 1944 జూన్ 10న ‘దాస్ రైఖ్’ అనే ఎస్ఎస్ డివిజన్‌కు చెందిన బలగం ఫ్రాన్స్‌లోని ఓరదూర్-స్యుర్-గ్లాన్ గ్రామంలో 640 మందికి పైగా జనాన్ని చంపి, ఊరిని తగలబెట్టింది. ఆ డివిజన్ ట్యాంకులు ప్రపంచమంతటా అలమరలలో అందంగా కొలువుదీరి ఉన్నాయి. యంత్రం చరిత్ర యంత్రంతోనే ముగిసిపోతే, ఎంత నిజాయితీగల దుమ్మైనా సగం సాక్ష్యమే చెబుతుంది. మిగతా సగం ఆ యంత్రం దాటి వెళ్లిన నేల దగ్గర దొరుకుతుంది.

మన దేశపు ట్యాంకు చరిత్రలో నేల చెప్పే సాక్ష్యానికి అసల్ ఉత్తర్ కంటే మంచి ఉదాహరణ లేదు. 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ దగ్గర, ఆనాటికి ఆధునికమైన పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు ముందుకు దూసుకొచ్చాయి. భారత సేన వెనక్కి జరిగి, గుర్రపునాడా ఆకారంలో మాటు వేసి, కాలువలకు గండ్లు కొట్టి పొలాలను నీటితో నింపింది. చెరకు తోటల మధ్య ప్యాటన్లు బురదలో కూరుకుపోయాయి. కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపు మీద అమర్చిన తుపాకితో ట్యాంకులను ఛేదిస్తూ ప్రాణం విడిచి, పరమవీర చక్ర పొందాడు. భారత సైన్యం లెక్క ప్రకారం 97 పాకిస్తాన్ ట్యాంకులు ధ్వంసమవడమో, పట్టుబడటమో జరిగింది. వాటిని వరుసగా నిలిపిన చోటుకు ప్యాటన్ నగర్ అని పేరొచ్చింది. ఆ యుద్ధంలో పాత షెర్మన్ ట్యాంకులతో పోరాడిన దళం పేరు దక్కన్ హార్స్. 1790లో హైదరాబాద్‌లో నిజాం కోసం సమకూర్చిన అశ్వికదళం దాని మూలం. తర్వాత ఎన్నో పట్టణాలకు ప్యాటన్లు విజయచిహ్నాలుగా చేరాయి. చేరిన చోటల్లా వాటిని కడిగి రంగు వేశారు. వాటిని నిజంగా ఓడించింది బురద, చెరకు, కాలువనీళ్లు, ఒక సామాన్య కుటుంబపు సిపాయి గురి. కడిగిన ట్యాంకు మీద వాటిలో ఏదీ కనిపించదు. అసల్ ఉత్తర్ ప్యాటన్‌ను 1:35లో చేసే కళాకారుడు మాత్రం గొలుసుపట్టీల దాకా తడిబురద పెట్టక తప్పదు. ఇక్కడ దిమ్మె మీది అసలు ట్యాంకు కంటే అలమరలోని బొమ్మే చరిత్రకు దగ్గర.

తెలుగు నేల మీదికి కవచ వాహనాలు సైనిక చర్యగా వచ్చిన సందర్భం 1948 సెప్టెంబరు. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో ఒకటవ ఆర్మర్డ్ డివిజన్ షోలాపూర్ వైపు నుంచి, మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర నాయకత్వంలో మరో దళం బెజవాడ వైపు నుంచి 13న హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించాయి. తూర్పు దళం కోదాడ, మునగాల మీదుగా సూర్యాపేట వైపు సాగింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. 18న సంస్థాన సేనాని ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు. వానాకాలం చివరి రోజులవి. పడమటి దళాల చక్రాలకు మరాఠ్వాడా నల్లరేగడి, తూర్పు దళాల చక్రాలకు నల్లగొండ ఎర్రచెలక అంటి ఉండాలి. బొమ్మలు చేసేవాడు ఈ తేడా పట్టించుకుంటాడు. ప్రభుత్వ పరిభాష పట్టించుకోలేదు. ఒక ఆర్మర్డ్ డివిజన్ కదిలిన సైనిక చర్యకు అది ‘పోలీసు చర్య’ అని పేరు పెట్టింది. 1915 నాటి ‘నీళ్ల ట్యాంకు’ లాంటి పూతే ఇది కూడా.

ఆ పూత కింద ఒకదాని మీద ఒకటిగా పొరలున్నాయి. అంతకు కొద్ది రోజుల ముందే, ఆగస్టు 27న, బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం బలగాలు సాగించిన ఊచకోత ఒక పొర. చర్య జరుగుతుండగానూ, ఆ తర్వాతా ముస్లింలపై జరిగిన హత్యాకాండ మరో పొర. నెహ్రూ పంపగా పర్యటించిన పండిట్ సుందర్‌లాల్ బృందం మృతుల సంఖ్యను 27 వేల నుంచి 40 వేల దాకా అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. అదే సైన్యం తర్వాత తెలంగాణ పల్లెల్లో కమ్యూనిస్టు దళాల వేటకు దిగడం, 1951 అక్టోబరు దాకా ఆ పోరు సాగడం మూడో పొర. ఇవాళ సెప్టెంబరు 17 వస్తే విమోచనమా, విలీనమా, సమైక్యతా అని పార్టీలు కొట్లాడుకుంటాయి. నిజానికి అది పైపూత ఏ రంగుదన్న తగాదా. మూడు పొరలనూ ఒకేసారి చూపగల తడి కుంచె ఎవరి చేతిలోనూ లేదు.

ఇప్పుడు జగర్గుండా. సుక్మా జిల్లాలో, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా సరిహద్దుకు అట్టే దూరం లేని అడవిలో ఉన్న ఊరిది. దోర్నపాల్, బీజాపూర్, దంతెవాడ వైపుల దారులు అక్కడ కలుస్తాయి. ఒకప్పుడు చింతపండు, అటవీ ఉత్పత్తుల సంత. 2005లో మొదలైన సల్వా జుడుం దాన్ని ముళ్లకంచెల కోటగా మార్చింది. చుట్టుపక్కల పల్లెలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరంలో చేర్చారు. దోర్నపాల్ నుంచి దాదాపు 56 కిలోమీటర్ల దారిలో, నెలల ఎడంలో, భారీ బందోబస్తు మధ్య రేషన్ వచ్చేది. బళ్లు మూతపడి, 13 ఏళ్ల తర్వాత 2019లో తెరుచుకున్నాయి. గోండీలో ఒక అర్థమున్న సల్వా జుడుం అనే మాటను ప్రభుత్వ ప్రచారం ‘శాంతి యాత్ర’గా అనువదించింది. ఇది మరో పైపూత. 2011 జులై 5న సుప్రీంకోర్టు దాన్ని గీకి చూసింది. ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా పంపడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ ఏడాది మార్చిలో తాడ్‌మెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురంలలో జరిగిన ఇళ్ల దహనాలపై సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది.

ఈ దారి మీద ట్యాంకులు నడవలేదు. నడిచినవి మందుపాతరలను తట్టుకునేలా చేసిన కవచ వాహనాలు. వాటి పుట్టుక దక్షిణాఫ్రికాలో జరిగింది. జాత్యహంకార పాలన నమీబియా పొదల యుద్ధం కోసం రూపొందించిన కాస్పిర్ వాహనం వాటి నమూనా. పేలుడు ధాటి పక్కలకు చెదిరిపోయేలా దాని అడుగుభాగం పడవలా ఉంటుంది. చక్రం కింద 21 కిలోల టీఎన్‌టీ పేలినా లోపలివారు బతికేలా దాన్ని లెక్కగట్టారు. ఆ నమూనా మీద మన దేశంలో చేసిన వాహనాల తయారీలో మన మెదక్ ఆయుధ కర్మాగారానికీ వాటా ఉంది. 1984లో ఎద్దుమైలారంలో శంకుస్థాపన జరిగి, సైన్యానికి ‘శరత్’ కవచ వాహనాలను అందించిన కర్మాగారం అది. తెలుగు కార్మికుల చేతుల మీదుగా వెళ్లిన ఇనుము తెలుగు సరిహద్దు అవతలి ఎర్రమట్టిలో తిరిగింది. ఆ ఇనుముకు ఎదురుగా మందుపాతరలు పెట్టిన పార్టీ నాయకత్వంలోనూ తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఈ రెండు వాస్తవాలలో ఒకటే చెప్పేవారి చరిత్ర నమ్మదగినది కాదు.

మందుపాతర లెక్కలు మారిపోయాయి. 2005 సెప్టెంబరు 3న బీజాపూర్ ప్రాంతంలో అలాంటి వాహనమే పేలిపోయి 24 మంది మరణించారు. 2018 మార్చి 13న సుక్మా జిల్లా కిష్టారం దగ్గర మరొకటి పేలి 9 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. తట్టుకునే కవచం పెరిగితే పాతిపెట్టే మందు పెరిగింది. చివరకు బలగాలు వాహనం దిగి కాలినడకను, మోటారు సైకిళ్లను ఆశ్రయించాయి. కానీ కాలినడకా కాపాడలేదు. 2010 ఏప్రిల్ 6న జగర్గుండా దారికి సమీపాన తాడ్‌మెట్ల దగ్గర 76 మంది, 2017 ఏప్రిల్ 24న అదే దారి మీద బుర్కాపాల్ దగ్గర రోడ్డు పనికి కాపలా కాస్తున్న 25 మంది జవాన్లు హతమయ్యారు. బుర్కాపాల్ కేసులో అరెస్టయి, సుమారు అయిదేళ్లు జైల్లో గడిపిన 121 మంది ఆదివాసీలను 2022 జులైలో కోర్టు నిర్దోషులుగా విడిచిపెట్టింది. జవాను నెత్తురూ, నిర్దోషి అయిదేళ్లూ ఒకే దారి మీది మరకలు. ఒకటి చూపి మరొకటి తుడిచేస్తే, అది అల్యూమినియం మీద తుప్పు దిద్దడం లాంటిదే. చూడటానికి నిజంలా ఉంటుంది, కారణం మాత్రం అబద్ధం.

ఈ మాటలు ఇప్పుడు ఎందుకంటే, ఆ యుద్ధం ముగింపు ప్రకటనల దశకు చేరింది. 2026 మార్చి 31ని కేంద్రం గడువుగా పెట్టుకుంది. 2025 మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లాకు చెందిన నంబాళ్ల కేశవరావు, నవంబరు 18న మారేడుమిల్లి అడవిలో సుక్మా ఆదివాసీ మాడ్వి హిడ్మా మరణించారు. అదే మేలో జగర్గుండాలో బ్యాంకు శాఖ తెరుచుకుంది. బడి, బ్యాంకు, రోడ్డు రావడం ఆహ్వానించదగినదే. వాటిని దశాబ్దాలు ఆపి ఉంచినవారందరూ ఆ జనానికి జవాబుదారులే. కానీ యుద్ధం ముగిశాక ఏం జరుగుతుందో చరిత్రలో చాలాసార్లు చూశాం. రేపు ఏదో ఒక కూడలిలో దిమ్మె కడతారు. దాని మీద ఒక కవచ వాహనాన్ని నిలబెడతారు. నిలబెట్టే ముందు దాన్ని కడిగి రంగు వేస్తారు.

ఓరదూర్ విషయంలో ఫ్రాన్స్ మరో దారి ఎంచుకుంది. కొత్త ఊరిని పక్కన కట్టి, కాలిన ఊరిని కాలినట్టే ఉంచాలని జనరల్ డిగాల్ నిర్ణయించాడు. తుప్పు పట్టిన కారు, కుట్టుమిషన్లు ఇప్పటికీ ఆ శిథిలాల మధ్య ఉన్నాయి. జగర్గుండా వాసులను శిథిలాల మధ్య ఉండమని ఎవరూ కోరరు. వారికి కావలసింది ఇళ్లు, పొలాలు, సంత. శిథిలాల బదులు కాగితాల మీద నిలపవలసినవి ఉన్నాయి. ఖాళీ అయిన పల్లెల జాబితా, చనిపోయిన జవాన్ల, గ్రామస్థుల, దళ సభ్యుల పేర్లు, ఇన్‌ఫార్మర్లన్న ముద్రతో మావోయిస్టులు చంపినవారి లెక్క, బూటకమని తేలిన ఎదురుకాల్పుల లెక్క, విడుదలైన ఆ 121 మందికి పోయిన ఏళ్ల పరిహారం. 2005 తర్వాత ప్రాణభయంతో గోదావరి అడవుల్లోకి వచ్చిన గుత్తికోయల గతి కూడా అందులోనే ఉండాలి. తెలంగాణలో వారికి గిరిజన గుర్తింపు లేదు, పోడు చేసుకుంటే కేసులు. వారు మన జిల్లాల్లో మన కళ్ల ముందే ఉన్నారు కనుక ఈ లెక్క ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వానికి మాత్రమే వదిలేయదగినది కాదు. హైదరాబాద్, అమరావతి కూడా జవాబు చెప్పాలి.

అరచేతిలో పట్టే బొమ్మ మీద ఒక గీత పెట్టేముందు అది ఎందువల్ల పడిందని ఒక అభిరుచి గల మనిషి గంటల తరబడి ఆలోచిస్తాడు. 20 ఏళ్ల యుద్ధానికి ముగింపు రాస్తున్న రాజ్యం, దాన్ని అచ్చువేస్తున్న మాధ్యమాలు, చదువుతున్న మనం ఆ మాత్రం ఓపిక చూపాలి. రేపు ఆ కూడలిలో వాహనం నిలబెట్టే రోజున, రంగు డబ్బా తెరవకముందే, దాని చక్రాలకు అంటిన ఎర్రమట్టి ఏ ఊరిదో రాసి పెట్టమని అడుగుదాం.